బొడ్డుతాడు చెట్లు

ఐసీ అత్త చేతిలోని సీమపనస కాయను తోట మేనేజరు లాక్కున్నాడు. అంతమంది చూస్తుండగా! చెట్టు కింద రాలిపడిన కాయ అది. ఆమె టికెట్టు కొనుక్కుని, చర్చికి వేసుకునే గౌను వేసుకుని, అందరిలాగే తోట చూడటానికి వచ్చింది. ఆ చెట్టు కింద ఆమె బొడ్డుతాడు ఉంది.

మా జమైకాలో బిడ్డ పుడితే బొడ్డుతాడు పాతి, దానిమీద మొక్క నాటుతారు. ఇక ఆ చెట్టు ఆ మనిషిది. ఇంకొకరు దానిమీద కత్తి వెయ్యరు. ఈ బొటానికల్ గార్డెన్ చెరకు ఎస్టేటుగా ఉన్నప్పుడు మా వాళ్ల గుడిసెలు ఇక్కడే ఉండేవి. గుడిసెలు పీకేశారు, చెట్లు మిగిలాయి. ఇవి ఎస్టేటు దొరగారి కుటుంబం ప్రేమతో పెంచిన చెట్లని గైడు రోజూ చెబుతాడు. పక్కనే కలుపు తీస్తూ వింటుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

"కాయ కోసం ఏడుస్తావేం? రేపు చెట్టే ఉండదు. ఇక్కడ పెళ్లిమండపం కడుతున్నాం," అన్నాడు మేనేజరు.

సాయంత్రం చర్చి వెనకాల తోటపనివాళ్లమంతా చేరాం. ఊరూ వచ్చింది. రంపం పట్టాల్సింది మా మేస్త్రీ లాసెల్స్.

"చెట్టూ చెట్టూ అంటే ఉద్యోగం ఊడుతుంది. నా పిల్లలకి ఆకులు పెట్టమంటారా?" అని అరిచాడు.

"మీ తాత వాళ్ల చెరకు నరికాడు. నువ్వు వాళ్ల గడ్డి కోస్తున్నావ్. ఏం మారిందిరా? చేతిలో కత్తి మారింది, అంతే!" అంది ఐసీ అత్త.

"నీకేం అత్తా, ఎన్నైనా చెబుతావ్. పోయేది నా పని."

"నిన్ను తీసేస్తే వీళ్లంతా పని మానేస్తారు. ఏమర్రా, మానేస్తారా? నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"మానేస్తాం!" అన్నాం. కొందరు గట్టిగా, కొందరు గొణుగుతూ. భయం అందరికీ ఉంది. ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఐసీ అత్త తన చెట్టును వాటేసుకుని నిలబడింది. పోలీసులు ఆమె చేతులు విడదీసి జీపెక్కించారు. ఆ ముసలిదాన్ని అలా ఈడ్చుకుపోతుంటే నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఊఁ, కానివ్వు," అన్నాడు మేనేజరు.

లాసెల్స్ రంపం కింద పెట్టాడు. "ఇంకొకరి చెట్టు నేను కొయ్యను సార్."

"పోనీ, ఆ పక్కనున్న నీ చెట్టు కొయ్యి!"

"అది మా అమ్మ నాటింది. దమ్ముంటే మీరు కొయ్యండి."

మేమంతా పనిముట్లు పడేసి గేటుకి అడ్డంగా నిలబడ్డాం.

"మీరు కాకపోతే కింగ్‌స్టన్ కూలీలు లేరనుకున్నారా!" అంటూ మేనేజరు ఫోను తీశాడు.

మధ్యాహ్నం కూలీలతో లారీ వచ్చింది, వెంట పోలీసులూ వచ్చారు. వాళ్లు మామీదికి లాఠీలు పైకెత్తారు. లారీలో గొడ్డలి పట్టుకుని నిలబడ్డ మనిషిని లాసెల్స్ అడిగాడు.

"అన్నా, నీ బొడ్డుతాడు చెట్టెక్కడుంది?"

అతను గొడ్డలి కిందికి దించాడు.

"దానిమీద హోటలు కట్టారు," అన్నాడు.

ఎవరి చెట్టు కొట్టడానికి పిలిచారని అడిగాడు. చెప్పాం. జీపెక్కించింది ఎవరినో కూడా చెప్పాం. గొడ్డలి లారీలోనే వదిలేసి దిగాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు దూకారు. గొడ్డలి వదిలేసినతను మా వరసలోకొచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ ముసలమ్మని వదిలేదాకా ఈ గేటు తెరుచుకోదు!" అని మా అందరికంటే ముందు అరిచింది అతనే.