సీలు తియ్యని పెట్టె

సైలస్ అటక మీదున్న వీడియో గేమ్ పెట్టెను పాతికేళ్లుగా ఎవరూ విప్పలేదు. మిషన్ హాస్టల్లో అతను వంట చేసే రోజుల్లో, ఫాదర్ ఊరొదిలి వెళ్తూ కానుకగా ఇచ్చాడు. అప్పటికి పాచిపెంట కొండల్లోని ఆ ఊరికి కరెంటే లేదు.

పాత గేములు కొనే ప్రసన్న విశాఖ నుంచి వచ్చి ధర అడిగితే, సైలస్ గుండె దిటవు చేసుకుని రెండు వేలన్నాడు. బేరానికి సిద్ధంగా కూర్చున్నాడు.

"మరీ తక్కువ చెప్పారండీ. సీలు తియ్యనివి దాచుకునేవాళ్లు ఎంతైనా పెడతారు. నలభై వేలిస్తాను. రేపు డబ్బుతో వస్తాను" అన్నాడు ప్రసన్న.

సైలస్‌ని అనుమానం పట్టుకుంది. పసుపు కిలో వందంటే అరవై దగ్గర మొదలెట్టే సంత షావుకార్లను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాడు. అడిగినదానికి పైన ఒక్క రూపాయి ఇచ్చిన మైదానం మనిషిని ఈ కొండ ఎరగదు. వీడు కొనేది ఆటబొమ్మ కాదు, లోపల ఇంకేదో ఉంది!

ప్రసన్న జీపు మలుపు తిరిగిందో లేదో, సైలస్ కత్తి తెచ్చి సీలు కోశాడు. అట్ట చించాడు. మరలూడదీసి మూలమూలా వెతికాడు. తీగలు తప్ప ఏమీ లేవు.

మర్నాడు ప్రసన్న అది చూసి అరుగు మీద చతికిలబడ్డాడు. "ఎంత పని చేశారండీ! ఇప్పుడు దీనికి ఐదొందలే ఎక్కువ."

సైలస్ మొహం విప్పారింది.

"అలగ సెప్పు బాబూ! ఇప్పుడు నమ్మకం కుదిరింది. ఏడొందలు సేసుకుని అట్టుకెళ్లు."