అబ్రహాము పేముబుట్ట

గొట్టం మూతి పడవ ట్యాంకులో దూర్చి అబ్రహాము తల తిప్పేసరికే ఒకడి పెదవి చిట్లి రక్తం కారుతోంది. గిలకలదిండి హార్బరు డీజిలు బంకు దగ్గర తుఫాను కబురొచ్చిన ఉదయం ఇది మామూలే. పడవల్ని ఏటి లోపలికి తోలుకోవాలని అందరికీ తొందర. వరసలో ముందు నేనంటే నేనని పడవలు నడిపే సరంగులు ఇద్దరు గెడలతో బాదుకుంటున్నారు. ఒకడు కింద పడితే రెండోవాడు డొక్కలో తన్నాడు. అబ్రహాము కుళాయి కట్టేసి స్టూలు మీద కూర్చున్నాడు.

"కొట్టుకోవడం అయ్యాక చెప్పండయ్యా, పోస్తాను."

దెబ్బలాట ఆగింది. డీజిలు ముందు ఎంతటివాడైనా ఆగాల్సిందే.

అరవైకి దగ్గరపడ్డ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అరచేతి పగుళ్లలోకి దిగిన నలుపు ఏ సబ్బుకీ లొంగదు. ఎడమ చెవిని విమానం ఇంజన్లు తినేశాయి. ఆదివారం చర్చిలో అతను ఏ బల్ల మీద కూర్చున్నాడో కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాళ్లకి కూడా వాసనతో తెలిసిపోతుంది.

గుడ్లవల్లేరులో గుడివాడ బస్సెక్కి వెళ్లి వైమానిక దళంలో చేరినప్పుడు తుపాకీ ఇస్తారనుకున్నాడు. గొట్టం ఇచ్చారు. పెద్ద పొట్ట విమానం నిండా ఇంధనం నింపుకుని, యుద్ధవిమానాలకి గాల్లోనే పోసే దళం అది. తోక నించి పొడవాటి గొట్టం వదులుతారు. దాని చివర బుట్టలాంటిది ఉంటుంది. వెనక వచ్చే విమానం అందులో ముక్కు పెట్టి తాగి తప్పుకుంటుంది. పోసినవాళ్ల పేరు ఎవరూ అడగరు, దండలన్నీ తాగినవాళ్లకే. ఆ దళం పుట్టిన కొత్తలో ఒక పైలట్ తొందరపడి బుట్టని గుద్దాడు. గొట్టం కొరడాలా తిరిగి అతని ముందున్న అద్దాన్నీ, అద్దం వెనకున్న ముఖాన్నీ పగలగొట్టింది. తోక కిటికీలోంచి అబ్రహాము అది చూశాడు. తర్వాత దళంలోకి వచ్చిన ప్రతివాడికీ మొదటి రోజే అతను నేర్పింది ఒకటే. ఇచ్చేవాడు తిన్నగా పోవాలి, పుచ్చుకునేవాడు రావాలి. ఇద్దరినీ ఏదీ కట్టి ఉంచకూడదు. లాగితే ఊడి రావాలి.

ఉద్యోగం అయ్యాక కొన్నాళ్లు రిజర్వులో ఉంచారు. పిలిస్తే వెళ్లాలి. ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. అయినా సరిహద్దులో కాల్పులని టీవీలో చెప్పినప్పుడల్లా అబ్రహాము గడ్డం గీసుకుని, ఫోను ఛార్జింగులో పెట్టి దాని పక్కనే కూర్చునేవాడు.

"మిమ్మల్నెవరు పిలుస్తారండీ, బంకుకి రమ్మని పిచ్చేశ్వరరావు గారు తప్ప" అని భార్య దేవమ్మ నవ్వేది. అతనూ నవ్వేవాడు గానీ ఆ మాట లోపల గుచ్చుకునేది.

బురద మేటేసి గట్టుకి రాలేని పడవలకి డీజిలు అందించడానికి పేముతో ఒక బుట్ట అల్లుకున్నాడు. గొట్టం చివర తొడిగితే నీళ్లమీద తేలుతుంది, గెడతో అందుకోవచ్చు. హార్బరులో అందరూ దాన్ని కోళ్లగంప అని ఏడిపించేవాళ్లు.

మధ్యాహ్నం దేవమ్మ అన్నం క్యారేజీ తెచ్చిన వేళకి బంకు యజమాని పిచ్చేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు.

"పోతురాజు పడవ హంసలదీవి ఎదర చిక్కుకుంది, అబ్రహాం. డీజిలు అడుగంటింది. ఇంజను ఆగితే ఇసకమేట మీద పడి ముక్కలైపోద్ది. ఆరుగురున్నారు. నా పడవిస్తాను. రెండూ నడుస్తుండగా పొయ్యాలి. అబ్రహాం మావయ్యని పంపమని వైర్‌లెస్‌లో ఏడుస్తున్నాడు."

అబ్రహాము బుట్ట భుజాన వేసుకున్నాడు.

"పిలిచారు, వెళ్తున్నాను" అన్నాడు దేవమ్మతో.

ఈసారి ఆమె నవ్వలేదు. "రెండు ముద్దలు తిని వెళ్లండి" అంది. నిలబడే తిన్నాడు.

హంసలదీవి దగ్గర కృష్ణ నీళ్లూ సముద్రమూ ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయి. అలలు పడవని ఎత్తి కింద కుదేస్తున్నాయి. ముందు పోతురాజు పడవకి తాడు వేసి లాగబోయారు. తాడు బిగిసింది, తెగింది, వెనక్కొచ్చి అతని మనిషి ఒకడి చెంపని ఎముక కనపడేలా చీల్చింది.

"తాడొద్దు. నువ్వు తిన్నగా పోనియ్యి, వాణ్ణే రానియ్యి" అని అబ్రహాము పిచ్చేశ్వరరావు పడవ సరంగుకి చెప్పి గొట్టం వదిలాడు. పేముబుట్ట నురగలో మునుగుతూ తేలుతూ వెనక్కి వెళ్లింది. పోతురాజు మనుషులు గెడ వేసి తప్పారు, మళ్లీ తప్పారు, చివరికి అందుకున్నారు. అబ్రహాము డీజిలు డ్రమ్ముకి బిగించిన చేతిపంపు కొట్టడం మొదలుపెట్టాడు. గొట్టం నిండి బరువెక్కింది. ఉప్పునీళ్లు ముఖాన కొడుతుంటే అతను నవ్వుతున్నాడు. దళం వదిలాక అంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

సముద్రం మీద ఊగేది ఏదైనా సరే కట్టేయడం వేటకెళ్లేవాళ్ల చేతులకి అలవాటు. అంత కష్టపడి పట్టుకున్న బుట్ట జారిపోతుందేమోనని, పడవ ముక్కున ఉన్న మొద్దుకి తాడుతో చుట్టి చుట్టి బిగించారు. మంచికే చేశారు.

"కట్టొద్దురా, విప్పండ్రా." అబ్రహాము కేకని గాలి ఎత్తుకుపోయింది.

"గట్టిగా కట్టాం మావయ్యా" అని పోతురాజు చెయ్యి ఊపాడు.

పెద్ద అల వచ్చింది. రెండు పడవలూ చెరోవైపు జారాయి. గొట్టం ఇనపకడ్డీలా బిగిసి పోతురాజు పడవ ముక్కుని నీళ్లలోకి వంచింది. ఇంకో అల వస్తే ఆరుగురూ అడుగుకే. అబ్రహాము కత్తి తీశాడు. బిగిసిన గొట్టం దగ్గర నిలబడి నరికితే ఏమవుతుందో అతనికి తెలుసు. పగిలిన అద్దం వెనక ముఖం గుర్తొచ్చింది. భయం వేసింది. నరికాడు.

పంపు వైపు కొస డీజిలు కక్కుతూ లేచి అతని రొమ్ముని బాదింది.

పోతురాజు పడవ ముక్కు పైకి లేచి, ఇంజను పుంజుకుని, ఒడ్డువైపు తిరిగింది. అబ్రహాము డ్రమ్ముకి జారగిలబడి కూర్చున్నాడు. నోట్లోంచి రక్తం వస్తోంది. పట్టుకోబోయిన సరంగుని చేత్తో ఆపాడు.

"చుక్కాని వదలకు. తిన్నగా పోనియ్యి. వాళ్లకి సరిపోయిందా?"

"సరిపోయిందండీ. వెళ్లిపోతున్నారు."

బందరు లైట్‌హౌస్ కనిపించే వేళకి అతని కళ్లు తెరిచే ఉన్నాయి గానీ చూడటం లేదు.

హార్బరులో పోతురాజు దేవమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "మేమే కట్టాం అత్తయ్యా, మేమే చంపుకున్నాం" అన్నాడు.

ఆమె అతని తడితల మీద చెయ్యి వేసింది. "పోనీలే బాబూ, నువ్వన్నా పిలిచావు."

తుఫాను తీరం దాటి వెళ్లిపోయింది. పోతురాజు పడవ ముక్కున, తడిసి బిగిసిన ముడిలో, తెగిన గొట్టం వేలాడుతూ పేముబుట్ట అలాగే ఉంది.