పంక్తి లేచేదాకా

చెల్లయ్య చావాలని సెల్వరాణి అడగని దినం లేదు. కోవిల్‌పట్టి వీధికొళాయి కింద బిందె నిండుతుంటే అడిగేది, చర్చిలో మోకాళ్ళ మీద అడిగేది, ఎసట్లో బియ్యం పోస్తూ కూడా అడిగేది. మామూలు చావు కాదు సుమా, తన మగడు తంగపాండి పోయినట్టే మండి పోవాలని.

విరుదునగర్ దాపున బాణసంచా ఫ్యాక్టరీలో మొగుడూ పెళ్ళాలిద్దరికీ పని, చెల్లయ్య అక్కడ మేస్త్రీ. కలిపిన మందు ఆ పూటే వాడెయ్యాలి, మిగిలితే పారబొయ్యాలి, నిలవుంచితే దానంతటదే అంటుకుంటుంది. అక్కడ పుట్టిన పిల్లలకైనా తెలిసిన కట్టడి అది. చెల్లయ్య మిగిలిన మందు దాచిపెట్టించి, మర్నాడు దాన్నే కలపమన్నాడు. తంగపాండి వద్దన్నాడు, చెల్లయ్య బూతులు తిట్టి లోపలికి తోశాడు, మందు పేలి గది లేచిపోయింది. కాస్త దూరాన నీళ్ళబిందెతో నిలబడి ఆ మాటలన్నీ విన్నది సెల్వరాణి ఒక్కతే. పోలీసులకు మాత్రం, తంగపాండి బీడీ ముట్టించాడని చెప్పి చేతులు దులుపుకున్నాడు మేస్త్రీ.

ఏడాది తిరిగాక విరుదునగర్ కోర్టులో ఆమె సాక్ష్యం వంతు దగ్గరపడింది. అప్పుడొచ్చాడు చెల్లయ్య, ఆమె ఇంటికి. తీరిగ్గా కూర్చుని, కూతురు కార్తీశ్వరి కాలేజీకి ఏ బస్సెక్కుతుందో, ఎక్కడ దిగి నడుస్తుందో అడిగి పోయాడు. ఆ రోజు నుంచి కూతురికేమవుతుందోనని సెల్వరాణికి భయం. కోర్టులో బీడీ మాటే నిజమని చెప్పేద్దామనుకుంది.

ఇంతలో చర్చిలో అసనం వచ్చింది. అసనమంటే సంఘమంతా ఒకే నేల మీద కూర్చుని తినే విందు. వడ్డించింది కాదనకూడదు, పంక్తి ముగిసేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే దేవుడి అన్నాన్ని తన్నినట్టే. సెల్వరాణి చేతికి సాంబారు బకెట్ వచ్చింది, పొగలు కక్కుతూ. పంక్తి నడుమ తెల్లచొక్కాలో చెల్లయ్య. వాడి నెత్తిన కుమ్మరిస్తే సరి, అనుకుంది. ఆ తలపు ఎంత తియ్యగా ఉందో! కానీ చెయ్యి వణుకుతోంది.

పాస్టరు ప్రార్థన ఎత్తుకున్నాడు. కళ్ళు మూయగానే అలవాటు మాటే పెదవి మీదికొచ్చింది, వాణ్ణి చంపు ఏసప్పా అని. అక్కడ ఆగింది. ఏడాదిగా వాడి చావే అడిగింది గానీ, తన భయం తియ్యమని ఒక్కనాడూ అడగలేదే. కార్తీశ్వరి నీ బిడ్డ, నువ్వే కాచుకో, నా వణుకు తీసేయ్ అంది. ఆమెన్ అనేసరికి చెయ్యి నిలిచింది.

చెల్లయ్య ముందు వంగి, చుక్క పక్కకు పోకుండా ఆకులో సాంబారు పోసింది.

"తిను మేస్త్రీ. కోర్టులో చెప్పేది ఈడనే చెప్తా. నిన్నటి మందు కలపమన్నది నువ్వు. వద్దన్నది నా మొగుడు. నా బిడ్డ ఏ బస్సెక్కుతాదో అడిగితివే, అందరూ ఇనేట్టు ఇంకోతూరి అడుగు."

పంక్తి మొత్తం చేతులు ఆపింది. చెల్లయ్య లేవబోయాడు. పక్కనున్న ముసలి ముత్తుసామి వాడి మోకాలు అదిమిపట్టి, పంక్తి ఇంకా ముగియలేదప్పా అన్నాడు. సెల్వరాణి అడగకుండానే ఇంకో గరిటె పోసింది. అంతమంది చూపుల కింద వాడు ముద్ద ముద్దా మింగుతుంటే, కదలకుండా నిలబడి చూసింది.

మర్నాటి నుంచి ముత్తుసామి కొడుకులే కార్తీశ్వరిని బస్సెక్కించారు. సాక్ష్యం రోజు కోర్టు వాకిట్లో, తోడొచ్చిన అత్త వేలమ్మాళ్ మెల్లగా అడిగింది, వాణ్ణి క్షమించినావా అని.

"ఇంకా లేదత్తా. బయం పొయ్యింది. పగ మాట ఏసప్పతో ఇంకా మాట్లాడతా ఉండాను," అని చెప్పి, చెల్లయ్య ఎదురుగా బోనెక్కింది.