ముప్పై ఒకటో నంబరు చొక్కా

కోల్టర్ బెండ్ ఊళ్ళో బేస్‌బాల్ ఆట జరిగిన మర్నాడు పొద్దున ఆరు కొట్టేసరికి హల్డా క్రూస్ పెరట్లో నీళ్ళ చప్పుడు వినపడేది. పందొమ్మిది ఫ్లానెల్ చొక్కాలు. గోరువెచ్చని నీళ్ళు, ఇంట్లో కాచిన సబ్బు, చివర్లో రెండు చుక్కల నీలిమందు. అయోవా ఎండలు కదా, తొమ్మిదయ్యేసరికి అన్నీ అప్పడాల్లా ఎండిపోయేవి.

మొగుడు ఎమిల్ బతికున్నన్నాళ్ళూ ఆ ఆటస్థలంలో గడ్డి కోశాడు. అతను పోయాక జట్టువాళ్ళు జాలిపడి ఆవిడకి ఈ పని ఇచ్చారని ఊళ్ళో అంటారు. జాలేం కాదు. ఆ ఎర్రమట్టి మరక వదిలించడం జిల్లా మొత్తం మీద ఆవిడొక్కదానికే వచ్చు. ఎవడు జారిపడ్డాడో, ఎవడు పొగాకు నమిలి ఉమ్మడం చేతకాక ఛాతీ మీదే వేసుకున్నాడో, ఎవడు ఆటంతా బెంచీ మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకున్నాడో పేపరు చూడకుండా చెప్పేది.

ఎప్పుడో ఒకసారి ఏదో ఒక చొక్కా తొట్టెలోంచి నంబరు లేకుండా వచ్చేది. వీపు మీద అంకె ఉండేది కాదు, కుట్టిన దారం ఉండేది కాదు, సూది దిగిన చిల్లులూ ఉండేవి కావు. నీళ్ళయినా రంగు మారేవి కావు. ఆ చొక్కా ఎవడిదో వాడు జట్టు విడిచి వెళ్ళిపోతున్నాడన్నమాట. పైకా, కిందికా అన్నది మాత్రం చొక్కా చెప్పేది కాదు. పైకి అంటే మహానగరంలో ఉన్న పెద్ద జట్టుకి. కిందికి అంటే ఇంటికి.

పద్నాలుగేళ్ళలో అలా నలభై ఒక్క చొక్కాలు తెల్లబోయాయి. అందులో పైకి వెళ్ళినవాళ్ళు ముగ్గురు.

మేనేజర్ లైల్ ఓక్స్‌ని అక్కడి అలవాటు ప్రకారం అందరూ స్కిప్ అనేవారు. ఏడింటికి కాఫీ కప్పు పట్టుకుని వచ్చి హల్డా కంచె మీద మోచేతులు ఆనించి చొక్కాలు ఆరేసిన తాడు వైపు చూసేవాడు. జట్టులో ఎవడుండాలో ఎవడు పోవాలో తేల్చే భారం అతనెప్పుడూ నెత్తిన పెట్టుకోలేదు. తీసేసిన కుర్రాడు ఎదురుగా నిలబడి ఏడుస్తుంటే, "నేను కాదురా, తాడు చెప్పింది" అనేవాడు. తాడు మీద ఎవడు మాత్రం కోప్పడతాడు? ఇంకో సంగతి, తాడు చూడకుండా అతను ఏ కబురూ బయటపెట్టేవాడు కాదు. అలా చెబితే అరిష్టమని అతని తాత దగ్గర్నుంచీ వస్తున్న నమ్మకం. ఆ తాత కూడా మేనేజరే.

రే టోలివర్ చొక్కా నంబరు ముప్పై ఒకటి. కెంటకీ బొగ్గు గనుల వైపు నుంచి వచ్చినవాడు, ఎడమచేత్తో బంతి విసిరే పిచర్. ఆట చెయ్యి దాటిపోయేలా ఉన్నప్పుడు చివర్లో దింపేవాళ్ళు. అయిదారు బంతులు విసిరి గండం గట్టెక్కించి, తలొంచుకుని వెళ్ళి కూర్చునేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. అందులో పదేళ్ళు ఇలాంటి చిన్న ఊళ్ళలోనే గడిచిపోయాయి. మూడేళ్ళుగా హల్డా ఇంట్లో మేడగదిలో అద్దెకుంటున్నాడు. ఇంటికి వెళ్ళాల్సి వస్తే వెళ్ళాల్సింది గనిలోకే. వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళు ఆ బొగ్గు పీల్చి ఇప్పుడు మంచం మీద కూర్చునే నిద్రపోతున్నాడు, పడుకుంటే ఊపిరాడక.

"నాన్నకి ఒకటే కోరిక ఆంటీ," అనేవాడు రే, గిన్నెలు తుడుస్తూ. "పెద్ద జట్టు ఆట రేడియోలో వస్తుంటే, టోలివర్ బంతి అందుకున్నాడు అని ఒక్కసారి వినాలట. గెలవక్కర్లేదు. ఒక్కసారి."

"వింటాడులే. ముందు ఆ పళ్ళెం సరిగ్గా తుడువు, నీళ్ళు కారుతున్నాయి."

ఆ జులైలో జట్టులో పిచర్లు తొమ్మిదిమంది అయ్యారు. ఎవడో కాలేజీ కుర్రాడు కొత్తగా వస్తున్నాడని, ఉన్నవాళ్ళలో ఒకడికి ఉద్వాసన తప్పదని మంగలి దుకాణం నుంచి చర్చి మెట్ల దాకా అదే మాట. రే అంతకుముందు వారం రెండు ఆటలు వరసగా పోగొట్టాడు. అన్నం దగ్గర మాట్లాడ్డం మానేశాడు. ఆవిడ చేసిన రూబార్బ్ కాడల తీపి రొట్టె రెండో ముక్క అడక్కుండా లేచిపోయాడు. అలా లేవడం మూడేళ్ళలో అదే మొదలు.

గురువారం పొద్దున హల్డా తొట్టెలో చెయ్యి పెట్టి చొక్కా పైకి తీసింది. వీపు తెల్లగా ఉంది. మెడ దగ్గర పట్టీ తిప్పి చూసింది, టోలివర్ అని ఉంది. గనికే అనుకుంది.

గడియారం ఆరుంబావు చూపిస్తోంది. స్కిప్ రావడానికి ముప్పావుగంట ఉంది.

ఆవిడ ఎప్పుడూ చెయ్యని పని చేసింది. లోపలికెళ్ళి పెట్టె అడుగునుంచి ఎమిల్ చలికాలం తొడుక్కునే ఎర్ర ఉన్ని బనీను తీసింది. జట్టు నంబర్లూ ఆ ఎరుపే. ఆయన పోయాక దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, కనీసం ఉతకలేదు కూడా. వంటింటి బల్ల మీద పరిచి ఒక మూడు, ఒక ఒకటి కత్తిరించింది. వాటిని తడి చొక్కా వీపున కుట్టింది. తొందర్లో మూడు అంకెకి పొట్ట కొంచెం సన్నగా వచ్చింది. సూది రెండుసార్లు వేలికి దిగింది. నెత్తురు కూడా ఎరుపే కాబట్టి ఎవరికీ కనపడదని, తనకి తనే చెప్పుకుంది. చొక్కా తీసుకెళ్ళి తాడు మధ్యలో, పద్దెనిమిదికీ ఇరవై రెండుకీ నడుమ తగిలించింది.

స్కిప్ వచ్చాడు. కప్పు కంచె మీద పెట్టాడు.

"ఏం హల్డా, ఈవేళ ఏమన్నా ఉందా?"

"ఏముంటుంది? మీ వాళ్ళ మురికి."

అతను ఒక్కొక్క చొక్కా లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"టోలివర్ది ఉన్నట్టే ఉందే."

"కళ్ళున్నాయిగా, చూసుకో."

"ఉంది, ఉంది." అతను గట్టిగా ఊపిరి వదిలాడు. గండం తప్పినందుకు వదిలాడని హల్డా అనుకుంది. "సరే, అయితే ఈసారి నేనే తేల్చుకోవాలి," అని కాఫీ పూర్తిగా తాగకుండానే వెళ్ళిపోయాడు.

తొమ్మిదిన్నరకి ఆవిడ చొక్కాలు మడిచి ఆటస్థలానికి చేరేసి వచ్చింది. పన్నెండింటి బస్సు హారన్ ఇంటిదాకా వినిపించింది. దాని వెనక చప్పట్లు కూడా వినిపించాయి. ఎవరిదో పెళ్ళి కాబోలు అనుకుంది.

మూడింటికి స్కిప్ తువ్వాళ్ళ మూట పడెయ్యడానికి వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు.

"హాన్‌లన్ని పంపించేశా."

హాన్‌లన్ ఇరవై రెండేళ్ళవాడు, కుడిచేతి పిచర్, మీసం సరిగ్గా రాలేదు. "అయ్యో, పాపం. ఇంటికా?" అంది హల్డా.

"ఇంటికేమిటి, పైకి! నిన్న ఫోనొచ్చింది. పెద్ద జట్టులో ఎవడిదో భుజం పట్టేసిందట. ఒకణ్ణి మధ్యాహ్నం బస్సుకి ఎక్కించమన్నారు, ఎవణ్ణన్నది నీ ఇష్టం, ఎడమచేతివాడైతే మరీ మంచిదన్నారు." స్కిప్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేను రే అనుకున్నా హల్డా. పడుకునేటప్పుడు కూడా రే అనే అనుకున్నా. పదేళ్ళ కష్టం, ఒక్కసారి వెళ్ళొస్తాడు కదా అని. పొద్దున వచ్చి చూస్తే వాడి నంబరు రాయిలా కూర్చుంది. ఇంకెవరిదీ పోలేదు. తాడుకంటే నాకెక్కువ తెలుసా? వయసు చూసి హాన్‌లన్ని ఎక్కించా."

హల్డా చెబుదామని నోరు తెరిచింది. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? ఊరంతా చప్పట్లు కొట్టి ఎక్కించిన కుర్రాణ్ణి దారిలో దింపుతారా? నోరు మూసుకుంది. మర్నాడు హాన్‌లన్ వదిలేసి వెళ్ళిన చొక్కా ఉతికితే, దాని వీపు తెల్లగా వచ్చింది. ఆవిడ దాన్ని తాడు మీద వెయ్యలేదు, తొట్టె పక్కనే మడిచి పెట్టింది.

హాన్‌లన్ ఖాళీ చేసిన చోటు ఉంది కాబట్టి ఎవర్నీ తీసెయ్యక్కర్లేకపోయింది. రే మళ్ళీ కుదుటపడి ఆడాడు. తీపి రొట్టె రెండో ముక్క అడిగి తిన్నాడు. అది చూసినప్పుడల్లా హల్డా లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయేది.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ వెనక వసారాలో కూర్చుని చిక్కుడుగింజలు ఒలుస్తున్నారు. కిటికీలో రేడియో మోగుతోంది. పెద్ద జట్టు ఆట. ఏడో ఇన్నింగ్స్‌లో హాన్‌లన్ పేరు వినబడింది. రే చేతిలో కాయ అలాగే పట్టుకుని ముందుకి వంగాడు. మొదటివాడు అవుటయ్యాడు, రెండోవాడూ అవుటయ్యాడు.

"ఆ విసురు నేను నేర్పిందే ఆంటీ! వేలు పక్కకి పెట్టరా అని తిట్టి తిట్టి చెప్పా, దున్నపోతుకి. చూశావా, ఇప్పుడు ఎలా తిరుగుతోందో!" వాడి మొహంలో ఎక్కడా అసూయ లేదు. ఉంటే బాగుండునని హల్డాకి అనిపించింది. "నాన్న కూడా వింటూ ఉంటాడు ఇప్పుడు," అన్నాడు రే, మెల్లగా.

ఆవిడ ఇంక ఉండబట్టలేకపోయింది. గిన్నె పక్కన పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తెల్లబోయిన చొక్కా, ఎమిల్ బనీను, స్కిప్‌కి వచ్చిన ఫోను, అంతా. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. "నిన్ను గనిలోకి పంపుతారనుకున్నాన్రా. నేనే నీ నోటి దగ్గరది కొట్టేశాను."

రే కాయ ఒలిచాడు. గింజలు గిన్నెలో పడ్డాయి. ఇంకోటి తీసుకున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆరోజు తొడుక్కోగానే తెలిసింది. ముడులు వీపుకి గుచ్చుకున్నాయి. విప్పి చూశాను. మూడుకి పొట్ట లేదు, నీ నెత్తురు చుక్క కూడా ఉంది." రే రేడియో వైపే చూస్తున్నాడు. "అప్పటికింకా పదిన్నర. స్కిప్ గది నాలుగడుగుల దూరం. వెళ్ళి, ఇది అసలు నంబరు కాదు అని చూపిస్తే సరిపోయేది. కూర్చుని పావుగంట ఆలోచించాను. నలభై ఒక్కమందిలో ముగ్గురు, ఆ లెక్క నాకూ తెలుసుగా. గని గుర్తొచ్చింది, నాన్న దగ్గు గుర్తొచ్చింది. నోరు మూసుకుని బూట్లు కట్టుకున్నాను. పన్నెండింటికి హాన్‌లన్‌కి నేనే సంచి మోసి బస్సెక్కించాను."

"రే..."

"నువ్వొక్కదానివే భయపడలేదు ఆంటీ. ఏడవకు. ఇద్దరం కలిసే కుట్టాం దాన్ని."

ఆ సాయంత్రం ఆవిడ రే చొక్కా తీసి, కత్తెరతో కుట్లన్నీ తెంపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా తెంపింది. దారమంతా ఒళ్ళో రాలింది. నంబరు మాత్రం ఊడలేదు. ఎమిల్ బనీను ముక్క ఆ ఫ్లానెల్లో కలిసిపోయి, గోరు పెట్టడానికి కూడా సందు లేకుండా ఉంది.

"వదిలెయ్," అన్నాడు రే.

జనవరిలో కెంటకీ నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళ నాన్న కూర్చునే పోయాడట, రేడియో పక్కన. చలికాలం కాబట్టి ఆటలు లేవు, ఏదో పాటలు వస్తున్నాయట. రే ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, బయటికెళ్ళి హల్డా పెరట్లో మంచునంతా ఎత్తిపోశాడు. ఎత్తాల్సిన అవసరం లేని మూల కూడా ఎత్తాడు.

తర్వాత ప్రతి వసంతంలోనూ పేర్ల జాబితాలో అతను ఉన్నాడు. మూడేళ్ళకి జట్టుకి కొత్త చొక్కాలు కుట్టించారు. దర్జీ పంపిన పెట్టె విప్పితే, ముప్పై ఒకటో నంబరు మీద మూడుకి పొట్ట సన్నగానే ఉంది. ఏటా ఇద్దరు ముగ్గురివి తెల్లబోతూనే వచ్చాయి. కొందరు పైకి పోయారు, చాలామంది ఇంటికి పోయారు. రే ఎటూ పోలేదు. ముప్పై ఆరో ఏట ఎడమ భుజం పాడైంది. తల దువ్వుకోవడానికి కుడిచెయ్యి వాడేవాడు. అయినా స్కిప్ అతని పేరు కొట్టెయ్యలేదు.

"ఎలా కొట్టెయ్యమంటావు?" అని నవ్వేవాడు స్కిప్, కంచె మీద ఆనుకుని. "ఆ చొక్కా చూశావుగా, ఉడుం పట్టు. తాడు ఉండమంటే ఉండాల్సిందే."

హల్డా నవ్వేది కాదు. అందరివీ అయ్యాక ఆ ఒక్క చొక్కా మళ్ళీ నీళ్ళలో వేసేది. బండ మీద పెట్టి, చేతులు పొక్కేదాకా బ్రష్షుతో రుద్దేది. ఒకప్పుడు ఏది చూడకూడదని భయపడిందో, ఇప్పుడు ఆ తెల్లటి వీపే చూపించమని రోజూ దేవుణ్ణి అడిగేది. పైకైనా సరే, కిందికైనా సరే, ఎటో ఒకవైపు వాణ్ణి పోనీ అని.

ఆ సీజన్లో చివరి ఆట రోజు కూడా అలాగే రుద్ది, పిండి, తాడు మీద వేసి ఎదురుగా నిలబడింది. రే కాఫీ పట్టుకుని వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. జుట్టు చెవుల దగ్గర నెరిసింది.

"ఉందా ఆంటీ?"

ఆవిడ చొక్కాని గాలికి వదిలి, అది తిరిగేదాకా ఆగి చూసింది.

"ఉంది."

"సరే అయితే. వెళ్ళొస్తా."

కప్పు ఆవిడ చేతికిచ్చి, క్లిప్పులు తీసి, ఇంకా తడిగానే ఉన్న చొక్కా కుడిచేత్తో తొడుక్కుని ఆటస్థలం వైపు నడిచాడు.