ఎసెన్‌బెక్ చేతివాసి

ఎసెన్‌బెక్ చెయ్యి పడితే ఎంతగా విరిగిన ఎముకైనా అతుక్కుంటుందని ఆ లోయంతా నమ్మేది. అందరికంటే గట్టిగా నమ్మింది ఎసెన్‌బెక్కే. తంటా అంతా అక్కడే వచ్చింది.

మీరిమ్ అతని మనవరాలు. తొలిచూలు బిడ్డ తాతదేనన్నది అక్కడి ఆచారం గనక, పాలు మరవగానే తెచ్చేసుకున్నాడు. ఆ పిల్లకు నాన్నంటే అతనే. కన్నతల్లి సాల్కిన్‌ను అక్కా అని పిలిచేది. ఎసెన్‌బెక్ కొడుకు రష్యాలో కూలికి పోతే, కోడలు సాల్కిన్ బిష్కెక్ పట్నంలో బట్టలు కుడుతూ సెలవులకు వచ్చి చూసి వెళ్ళేది.

ఆ వేసవిలో మేతకొండల మీద మీరిమ్ గుర్రం మీంచి పడింది. తర్వాత నడుం నొప్పంది. తడిమితే వెన్నులో ఒకచోట ఉబ్బు తగిలింది. పూస జరిగిందనుకుని ఎసెన్‌బెక్ రోజూ గొర్రెతోక కొవ్వు కాచి రాసి నొక్కాడు. నొప్పి తగ్గకపోగా జ్వరం కూడా తగులుకుంది.

సెలవులకు వచ్చిన సాల్కిన్ కంగారు పడింది. "పిల్ల ఒళ్ళు కాలిపోతోంది మావయ్యా. తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తాను."

"మీ పట్నంవాళ్ళకు తుమ్మొచ్చినా ఫొటో తీయాల్సిందే! నా కూతురి ఎముకలు నాకు తెలీవూ?"

"కన్నది నేను కదా..."

"కన్నావు, ఇచ్చావు. ఇచ్చింది మళ్ళీ అడుగుతారటే ఎవరైనా?"

మామకు ఎదురుచెప్పడం ఆమెకు చేతకాలేదు. ఏడుస్తూ బస్సెక్కింది.

మంచు పడేలోగా మీరిమ్ కాళ్ళు ఈడ్చసాగింది. ఒక పొద్దున లేవనే లేకపోయింది. ఎసెన్‌బెక్ అప్పుడు పరుగెత్తాడు పిల్లను ఎత్తుకుని బిష్కెక్ ఆసుపత్రికి.

వెన్నెముకలో క్యాన్సర్ అంది డాక్టరమ్మ. పిల్లల్లో ఏ ఒక్కరికో వచ్చే జబ్బట. పెరిగి నరాలను నొక్కేసిందట.

"నేను నొక్కబట్టేనా అమ్మా?"

"దానివల్ల రాలేదు తాతా. వేసవిలోనే తెచ్చుంటే కాళ్ళు దక్కేవేమో. ఇప్పుడిక ప్రాణం కోసం చూస్తున్నాం."

అవునని తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆ 'ఏమో' గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

వార్డు బయట బల్ల మీద కోడలి పక్కన కూలబడ్డాడు.

"మీరిమ్ ఇకనుంచి నీ కూతురే సాల్కిన్. నిన్ను అమ్మా అనమని నేనే చెబుతాను."

సాల్కిన్ తొలిసారి అతని కళ్ళలోకి చూసింది. "గెంతులేసినన్నాళ్ళూ మీ కూతురు. కాళ్ళు పడిపోయాక నా కూతురా?"

తప్పు దిద్దుకుందామనే అన్నాడు పాపం. ఆ మాట కూడా తప్పుగానే వచ్చింది.

లోపలి నుంచి మీరిమ్ గొంతు వినబడింది. "నాన్నా! ఎక్కడున్నావ్?"

ఎసెన్‌బెక్ కదల్లేదు. సగం లేచిన సాల్కిన్ మళ్ళీ కూర్చుంది.

"వెళ్ళండి మావయ్యా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "పిలుస్తున్నది మిమ్మల్నే."