మైలతుత్తం కలిపిన జిగురు

నేను ఒక డైరీని. ఎర్ర రెక్సిన్ అట్ట, పేజీకో తేదీ. మా జాతిని జనవరిలో కళ్లకద్దుకుంటారు, డిసెంబరు దాటితే అటకెక్కిస్తారు. మనుషుల ప్రేమకు గడువు ఉంటుందని నాకు పుట్టుకతోనే తెలుసు.

ఒక బీమా ఏజెంటు నన్ను లక్షుంనాయుడికి ఇచ్చాడు. ఆయన విజయనగరం దగ్గర ఒక జూటుమిల్లులో పనిచేసేవాడు. మాటల్లో మహా పిసినారి. ఇంట్లో కూర బాగుందనీ అనడు, బాగాలేదనీ అనడు. నాలో మాత్రం రోజూ నాలుగు ముక్కలు నీలం సిరాతో రాసేవాడు. ఏడాదికి ఆ ముచ్చట తీరిపోయింది. మళ్లీ ఎప్పుడూ డైరీ రాయలేదు.

అటక మీది నుంచి నన్ను దించింది ఆయన భార్య వరహాలమ్మ. ఆమె చేతికి చిక్కాక ఏదీ చెత్త కాదు. పగిలిన గాజులు గుమ్మానికి తోరణమయ్యేవి, కొబ్బరి చిప్పలు గరిటెలయ్యేవి. పాత చీరల అంచులు జడలల్లి, గుండ్రంగా చుట్టి కుట్టి, గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టా వేసింది. నాయుడు దాన్ని ఒక్కనాడూ తొక్కలేదు. వానాకాలం బురదకాళ్లతో కూడా దాన్ని దాటుకుని లోపలికొచ్చేవాడు. ఆమె నేల తుడుచుకుంటూ సణిగేది. చివరికి, ఆయనకు నచ్చని వస్తువు గుమ్మంలో ఎందుకని దాన్ని విప్పేసి వంటింటి మసిగుడ్డలు చేసింది.

వారపత్రికల్లో వచ్చే చిట్కాలంటే ఆమెకు ప్రాణం. ఉప్పు చెమ్మగిల్లకుండా బియ్యపు గింజలు, ఎండాకాలం కుండకు తడిగోనె, అన్నీ కత్తిరించి దాచేది. అంటించుకోవడానికి పుస్తకం కావలసి వచ్చింది.

“ఏటండీ, ఈ డైరీ మీకు కావాలేటి?”

“రాసీసినదాంతో నాకేటి పని? అట్టుకెళ్లు.”

అనే ముందు ఆయన నా అట్టను ఒకసారి తడిమాడు. ఆమె గమనించలేదు. మిల్లు సంగతులేవో అనుకుని, ఒక్క ముక్క చదవకుండా ప్రతి పేజీలోనూ ఆయన రాతమీద చిట్కాలు అంటించేసింది.

మైదాపిండి ఉడికించి, చిటికెడు మైలతుత్తం కలిపిన జిగురు. ఆ విషానికి పురుగు దరిచేరదు. ఒక్క ఆషాఢపు ముసురులో మాత్రం మైలతుత్తం అయిపోయి, ఉత్త మైదాతోనే ఒక కాగితం అంటించింది. పుస్తకాలకు పురుగు పట్టకుండా లవంగాలు, వేపాకు పెట్టమని చెప్పే చిట్కా అది. నాకు నవ్వొచ్చింది.

కిందటేడు నాయుడు పోయాడు. పదకొండో రోజు భోజనాలకు ఆయనతో పనిచేసిన అప్పలసూరి వచ్చాడు.

“ఒదినా, ఆ ఏడు మావోడు గేటుకాడ కూకుని రోజూ డైరీ రాసీవోడు. ఏటి రాస్తన్నావురా అంటే, ఇంటికాడ సెప్పనేనివి అనీవోడు.”

వరహాలమ్మ లోపలికొచ్చి నన్ను తెరిచింది. ఏ పేజీ చూసినా చిట్కాలే.

అంటిన కాగితం ఊడాలంటే ఆవిరి పట్టాలన్న చిట్కా నాలోనే ఉంది. మర్నాడు ఆమె నీళ్లు మరిగించి నన్ను పైన పట్టింది. కాగితం ఊడింది, దాంతో పాటే సిరా కరిగిపోయింది. అలా మూడు పేజీలు నీలం మరకలయ్యాయి. ఆమె గిన్నె దించేసి నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడు ఒక కాగితం దానంతటదే జారిపడింది. ఆషాఢం నాటిది. పురుగులు జిగురంతా తినేసి, రాతలో సగం వదిలాయి.

“వాన. మా వరాలు చీర అంచులతో పట్టా అల్లింది. ఎంత బాగుందో. దానిమీద కాలు పెట్టబుద్ధి కాలేదు. చెబుదామనుకున్నాను గానీ…”

తర్వాతిది పురుగు తినేసింది.

ఆమె వంటింట్లోకి వెళ్లి మసిగుడ్డలన్నీ వెతికింది. ఒక్కటే దొరికింది, నూనెజిడ్డుతో నల్లబడి. దాన్ని ఆ పేజీలో పెట్టింది.

ఇప్పుడు నేను పెరటిగోడ పక్క చెమ్మలో, లవంగం గానీ వేపాకు గానీ లేకుండా ఉన్నాను. జీవితమంతా పురుగుల్ని తరిమిన మనిషి నా చుట్టూ మైదాపిండి చల్లి వాటిని పిలుస్తోంది. చిట్కాల కింద ఇంకా మూడువందల పైచిలుకు పేజీలున్నాయి, అన్నీ ఆయన ఆమెతో చెప్పలేని మాటలే.

రోజూ పొద్దున్నే వచ్చి నన్ను తెరిచి చూస్తుంది. “ఒక్కటైనా రానేదేటి?” అని నన్నే అడుగుతుంది.

రావు. ఆమె జిగురు చాలా బాగా చేసింది.