పదిహేడో రాయి మీద బాణం

పదిహేడో రాయి మళ్లీ తిరగబడి ఉంది. ట్రేలో మిగతా ఇరవై మూడు రాళ్లూ బాణం తల పైకి పెట్టుకుని బుద్ధిగా కూర్చుంటే, అదొక్కటే బోర్లా పడుకుంది. వరసగా ఇది మూడో ఉదయం.

చెల్లెలు తాళంచెవి చేత్తో పట్టుకుని ల్యాబు గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ తాళానికి రెండో చెవి లేదు. మొన్న అటెండరును అడిగింది, నిన్న కేకలేసింది. అతను నొచ్చుకోకుండా, ఇంట్లో పిల్లల్ని నిద్రలేపడానికే తల ప్రాణం తోకకొస్తోందని, ఇక రాళ్లను పడుకోబెట్టే తీరిక ఎక్కడిదని అన్నాడు.

ఆ రాళ్లు అక్కవి. నది గట్టున నిలువుగా లేచిన చరియలో, ఒకదాని మీద ఒకటిగా ఉన్న పొరల నుంచి, అడుగు నుంచి పైకి వరసగా కోసి తెచ్చినవి. భూమి అయస్కాంతం లక్షల ఏళ్లలో ఎన్నోసార్లు తలకిందులైంది. బురద రాయిగా మారేటప్పుడు అప్పటి దిక్కును తనలో దాచుకుంటుంది. ఆ దిక్కుల వరసను అవతలి గట్టు పొరలతో జోడిస్తే ఇవి ఎప్పటివో తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ వయసు తేలిన అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది. కాకపోతే రాయికి ఏది పైవైపో తెలియాలి. అందుకే దాన్ని కదిలించకముందే ఆకాశం వైపు బాణం గీస్తారు. ముందు గీత, తర్వాత ఉలి. పని నేర్పే రోజుల్లో అక్క ఈ మాట చెల్లెలికి నూరిపోసింది. తప్పు చేస్తే దిద్దేదాకా వదిలేది కాదు. దిద్దాక మాత్రం ఆ ఊసు జన్మలో మళ్లీ ఎత్తేది కాదు.

పదిహేడో పొరలోనే అక్కకు గోరంత దవడ దొరికింది. కోతులకూ మనుషులకూ తొలి పూర్వీకుల్లో ఒకదానిది. బాణం చెప్పినట్టు కొలిస్తే ఈ రాయి కింది పొరల జట్టులో చేరి, దవడ ఇప్పటిదాకా దొరికిన వాటన్నిటికన్నా పాతదవుతుంది. తిప్పి కొలిస్తే పై జట్టుకు పోతుంది, దవడ ఆరు లక్షల ఏళ్లు చిన్నదై పదింటిలో ఒకటవుతుంది. ఇంకో రాయి తెద్దామంటే, అక్క జబ్బుతో చనిపోయిన ఏడాదే ఆ చరియ వరదకు కూలి నదిలో కలిసిపోయింది. మ్యూజియం పలక మీద అక్క పేరు కింద ‘అన్నిటికన్నా పాతది’ అని చెక్కించవచ్చా అని బావ రోజూ ఫోను చేస్తున్నాడు. ఇవాళ చెప్తానని చెల్లెలు మాటిచ్చింది.

ఒక్క సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. పదిహేడో రాయి కోసిన రోజు అక్కకు జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. ఉలి ఆనించగానే, ఇంకా గీత గీయని రాయి ఊడి చేతిలోకి వచ్చేసింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, బాణం గీసేసింది. కింద నిలబడ్డ చెల్లెలు చూసి కూడా నోరు మెదపలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? పైగా దవడ పాతదే కావాలని తనకూ ఆశ.

ఆమె దగ్గరికెళ్లి చూసింది. ట్రేలో పేరుకున్న సన్నటి దుమ్ము మీద వేలిముద్ర ఒక్కటీ లేదు. రాయి చేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. మిగతావి ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ఈ వేడి ఆమెకు తెలుసు. ఆ రోజు ఈ రాయి ఉన్న సంచి అందుకుంటుంటే తగిలిన అక్క అరచెయ్యి ఇలాగే ఉంది.

“సరే అక్కా, చూస్తున్నాను” అంది.

రాయి పక్కభాగం తడిపి భూతద్దం పెట్టింది. బురద ఎండి పగిలితే ఏ పగులైనా పైన వెడల్పుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. ఇందులో ఇసుక నిండి గట్టిపడ్డ పగుళ్లు మూడున్నాయి. మూడూ బాణం తల వైపే సన్నబడ్డాయి.

బావకు ఫోను చేసింది.

“అక్క బాణం తలకిందులుగా గీసింది బావా. నేను చూసి కూడా ఊరుకున్నాను. దవడ అన్నిటికన్నా పాతది కాదు.”



“పోయేముందు మీ అక్క ఆ రాయి ఇంటికి తెమ్మని పదే పదే అడిగింది. తగ్గాక చూద్దువుగానిలే అన్నాను” అన్నాడు బావ.

ఆమె పాత బాణం కొట్టేసి, కొత్తది గీసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టింది. మర్నాడు రాయి పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ మర్నాడూ అంతే. ఊపిరి పీల్చుకోవాల్సింది పోయి, ఆమెకు గుండెల్లో ఏదో ఖాళీ అయినట్టయింది. ఆ సాయంత్రం వెళ్తూ వెళ్తూ, కావాలనే పదిహేడో రాయిని బోర్లా తిప్పి తాళం వేసింది.

పొద్దున్నే పరుగున వచ్చి తలుపు తీసింది. రాయి బోర్లానే ఉంది. ముట్టుకుంటే మిగతావాటిలాగే చల్లగా ఉంది. దిద్దాక ఆ ఊసు మళ్లీ ఎత్తే మనిషి కాదు అక్క.

చెల్లెలు కాసేపు అక్కడే కూర్చుని ఏడ్చింది. తర్వాత రాయిని తనే సరిగా తిప్పి పెట్టింది.